కాలువలు కట్టేసిన రోజుల్లో పిల్లి, పిట్ట, పాము

పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు

దాళ్వా (రెండో పంట వరి) కోతలై కాలువలు కట్టేశాక, జూన్‌లో మళ్లీ నీళ్లొదిలేదాకా బోదెల్లో చుక్క ఉండదు. పొలంలో ఉన్న ఎలుక ఇంటివైపు వస్తుంది. దాని వెనకాలే పాము, ఆ వెనకాలే అడవిపిల్లి. పిట్టలు నూతి పళ్లెం దగ్గర వాలతాయి. ఇవన్నీ వచ్చి చేరే పెరట్లోనే మన పెంపుడు పిల్లీ ఉంటుంది. ఈ నెల వచ్చిన ఉత్తరాలన్నీ దాదాపు ఆ నాలుగు గజాల చోటు గురించే.

ప్రశ్న: మా పిల్లికి మూడేళ్లు. పగలంతా రేకుల షెడ్డులో కొబ్బరికాయల రాశి మీద పడుకుంటుంది. మొన్న మధ్యాహ్నం కుక్కలాగా నోరు తెరిచి వగర్చింది, చొంగ కారింది. నోట్లో నీళ్లు పోస్తే మింగలేదు. సాయంత్రానికి తేరుకుంది. ఎండకి ఇది మామూలేనా?
– ఒక పాఠకురాలు, అంబాజీపేట

జవాబు: మామూలు కాదండీ, అది వడదెబ్బ. కుక్క రోజూ వగరుస్తుంది, దాని ఒంటి తీరే అంత. పిల్లి అలా కాదు. ఒళ్లు నాక్కుని, ఆ తడి ఆరడంతో చల్లబడుతుంది. చెమట అరికాళ్లకు మాత్రమే పడుతుంది. తడి ఆరాలంటే గాలి పొడిగా ఉండాలి కదా. అందుకే రెంటచింతలలో 44 డిగ్రీల ఎండకి నీడలో నిద్రపోయే పిల్లి, కోనసీమ ఉక్కపోతలో 38కే అల్లాడిపోతుంది. నోరు తెరిచిందంటే ఇక దాని దగ్గర వేరే ఉపాయం లేదన్నమాట.

అలాంటప్పుడు ముందు దాన్ని రేకుల కింద నుంచి తీసి, గచ్చు చల్లగా ఉన్న గదిలో ఫ్యాను కింద పెట్టండి. మామూలు నీళ్లు చేత్తో తీసుకుని పొట్ట కింద, తొడల సందుల్లో, చంకల్లో, అరికాళ్లకు, చెవులకు రాయండి. ఐసు వద్దు, ఫ్రిజ్ నీళ్లూ వద్దు. మరీ చల్లటి నీళ్లు తగిలితే చర్మం కింది రక్తనాళాలు ముడుచుకుపోయి లోపలి వేడి లోపలే ఉండిపోతుంది. తడిగుడ్డ కప్పడం కూడా పొరపాటే. రెండు నిమిషాల్లో ఆ గుడ్డ వేడెక్కి దుప్పటిలా పనిచేస్తుంది. తడిగుడ్డ పిల్లి కింద పరవండి, మీద కాదు. నోట్లో నీళ్లు పోయకండి, స్పృహ సరిగా లేనప్పుడు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పక్కన గిన్నె పెడితే చాలు, తాగగలిగితే అదే తాగుతుంది.

ఇంట్లో డిజిటల్ థర్మామీటరు ఉంటే, కొనకి కొబ్బరినూనె రాసి మలద్వారంలో అంగుళం లోపలికి పెట్టి చూడొచ్చు. పిల్లికి 100.5 నుంచి 102.5 ఫారెన్‌హీట్ దాకా మామూలు. 104 దాటితే ప్రమాదం. 103కి దిగగానే తడపడం ఆపేయండి, లేకపోతే ఆ తర్వాత కూడా దిగుతూనే పోతుంది. చిగుళ్లు ఎర్ర ఇటుక రంగుకి వచ్చినా, తూలినా, వాంతి అయినా తడుపుతూనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మీ పిల్లి తేరుకుందన్నారు, సంతోషం. అయినా ఒకసారి చూపించండి. వడదెబ్బ దెబ్బ మూత్రపిండాల మీద ఒకటి రెండు రోజులు ఆగి కనిపిస్తుంది.

ఇక షెడ్డు సంగతి. ఎత్తున ఉంటే కుక్క అందుకోదని పిల్లి రాశి ఎక్కుతుంది. రేకు వేడంతా చేరేది కూడా ఆ ఎత్తులోనే. రేకుల మీద కొబ్బరి కమ్మలు రెండు వరసలు పరవండి. కింద, గోడ మూల, వెడల్పాటి తట్టలో మూడంగుళాల మందాన ఇసుక పోసి తడిపి, దాని మీద గోనెసంచి వెయ్యండి. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి ఇసుక తడపాలి. కుక్క రాకుండా అడ్డంగా ఒక చెక్క నిలబెడితే పిల్లి కిందికి దిగడానికి భయపడదు. సాయంత్రం షెడ్డుకి తాళం వేసేముందు రాశి వెనక ఒకసారి చూసుకోండి. తలుపు వేసిన రేకుల షెడ్డులో ఇరుక్కున్న పిల్లి మర్నాటి మధ్యాహ్నం దాకా బతకడం కష్టం.

ప్రశ్న: మా గండుపిల్లి రెండు రోజులుగా మాటిమాటికీ ఇసుకలోకి వెళ్లి కూచుంటోంది, ఏమీ రావట్లేదు, అరుస్తోంది. మలబద్ధకం అనుకుని ఆముదం పట్టించాం. తిండి ఎండుచేపలు, అన్నం. మా బోరు నీళ్లు ఉప్పన.
– ఒక పాఠకుడు, మలికిపురం

జవాబు: ఈ ఉత్తరానికి పత్రిక అచ్చయ్యేదాకా ఆగకుండా ఫోనులోనే చెప్పాం. మిగతావాళ్ల కోసం మళ్లీ రాస్తున్నాం. మగపిల్లి పదే పదే కూచుని ముక్కుతూ, చుక్క కూడా రాకపోతే నూటికి తొంభై పాళ్లు మూత్రం బిగిసిందనే అనుకోండి. మగపిల్లి మూత్రనాళం చివర చాలా సన్నం. మూత్రం చిక్కబడితే ఇసుకలాంటి రేణువులు పేరుకుని అక్కడ బిరడాలా పడతాయి. పొట్ట కింది భాగంలో నిమ్మకాయంత గట్టి ఉండ తగులుతుంది. దాన్ని నొక్కకండి, పగిలిపోగలదు. ఆముదంతో ఉపయోగం లేదు సరికదా, వాంతులై ఉన్న నీరు కూడా పోతుంది. పూర్తిగా బిగిశాక రెండు మూడు రోజుల్లో రక్తంలో పొటాషియం పెరిగి గుండె ఆగుతుంది. పశువైద్యుడు సన్నటి గొట్టం వేసి తీస్తారు. రాత్రయితే తెల్లారేదాకా చూద్దాం అనుకోవద్దు.

ఎందుకొచ్చిందంటే మీ ఉత్తరంలోనే ఉంది. ఎండుచేపలో ఉప్పు. పైగా నీళ్లు ఉప్పన కాబట్టి పిల్లి తాగదు, తాగినా దాహం తీరదు. నాలుగు కిలోల పిల్లికి తిండిలో ఉన్నదీ తాగిందీ కలిపి రోజుకి 200 మిల్లీలీటర్ల నీరు కావాలి. మీరు తాగడానికి తెచ్చుకునే నీళ్లే దానికీ పెట్టండి, రోజుకి ఒక గ్లాసు కదా. వెడల్పాటి మట్టి మూకుళ్లు రెండు మూడు చోట్ల, తిండి గిన్నెకి దూరంగా పెట్టాలి. తిండి పక్కనే ఉన్న నీళ్లు చాలా పిల్లులు ముట్టవు. ఎండుచేపలు మానేసి పచ్చిచేప ఉప్పూ కారం లేకుండా ఉడికించి, ముళ్లు తీసి, ఉడికించిన నీళ్లతో సహా అన్నంలో జావలా కలపండి. తప్పనిసరై ఎండుచేపే పెట్టాల్సి వస్తే రాత్రంతా నానబెట్టి, రెండుసార్లు ఉడికించి, ఆ రెండు నీళ్లూ పారబొయ్యండి. వేసవి కదా అని పాలు పొయ్యకండి. పెద్ద పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు, విరేచనాలై నీరసిస్తాయి. ఉప్పు వెయ్యని పల్చటి మజ్జిగ నాలుగు చెంచాలు ఫరవాలేదు.

ప్రశ్న: పెరట్లో కొబ్బరి డొక్కల గుట్ట ఉంది. ఈ నెలలో మూడుసార్లు మా పిల్లి పామును ఇంట్లోకి లాక్కొచ్చింది. ఒకటి నల్లగా తెల్ల కట్లతో ఉంది. గుట్ట చుట్టూ ఫినాయిలు పోస్తున్నాం, వెల్లుల్లి, గంధకం చల్లాం. ఇంకేం చెయ్యాలి? రాత్రిళ్లు అందరం అరుగు మీదే పడుకుంటాం.
– ఒక పాఠకుడు, పి.గన్నవరం

జవాబు: ముందు చివరి మాట గురించి. అరుగు మీద పడుకునేవాళ్లంతా ఈ రాత్రి నుంచే మంచం మీద, దోమతెర కట్టుకుని, తెర అంచులు పరుపు కిందికి మడిచి పడుకోవాలి. కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది. నేల మీద పడుకున్న మనిషిని నిద్రలోనే కరుస్తుంది. కాటు దగ్గర వాపు, నొప్పి పెద్దగా ఉండవు. చీమ కుట్టిందనుకుని మళ్లీ పడుకున్నవాళ్లు ఉన్నారు. తెల్లవారుజామున కడుపునొప్పి, రెప్పలు వాలిపోవడం, మాట ముద్దగా రావడం కనిపిస్తే అప్పటికే విషం నరాలకెక్కిందని అర్థం. అనుమానం ఉన్నా చాలు, కట్టు బిగించకుండా, కోయకుండా, మంత్రం దగ్గరికి తిప్పకుండా 108కి ఫోన్ చేసి ప్రభుత్వాసుపత్రికి వెళ్లండి. మన దగ్గర ఇచ్చే విరుగుడు సూది నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర నాలుగింటికీ ఒకటే. పాముని పట్టుకెళ్లక్కర్లేదు.

నల్లటి ఒంటి మీద తెల్ల కట్లు అన్నారు. కట్లపాముకి కట్లు తరచు జంటలుగా, మెడ దాటి కొంత దూరం తర్వాత మొదలై తోక దాకా ఉంటాయి. విషం లేని తోడేలు పాముకి కట్లు మెడ దగ్గరే మొదలై తోక వైపు మసకబడతాయి. ఇది తెలుసుకోవడానికే. దీపం వెలుగులో తేడా పట్టి చేత్తో తియ్యడానికి కాదు. చచ్చిన పాము తల కూడా కొంతసేపు కరవగలదు, చీపురుతో చేటలోకి ఎత్తి పాతిపెట్టండి.

పిల్లి పాము ఎదురెదురుగా ఉంటే పిల్లిని చేతుల్లోకి తీసుకోబోకండి. ఆ ఉద్రేకంలో అది మిమ్మల్ని గీరుతుంది, పాము కాటు మీ చేతికి పడుతుంది. రెండు మీటర్ల దూరం నుంచి పిల్లి మీద చెంబెడు నీళ్లు చల్లితే వెనక్కి పరిగెడుతుంది. అప్పుడు తలుపు వేసేయండి, పాము దారి పాము చూసుకుంటుంది. పొడవుగా, గోధుమరంగులో, చకచకా పాకేది జెర్రిపోతు అయితే దాన్ని బతకనివ్వండి. గాదె చుట్టూ ఎలుకలు తినేది అదే.

పిల్లికి కాటు పడితే వెనక కాళ్లు తూలతాయి, కనుపాపలు పెద్దవైపోతాయి, లేదా ముఖమో కాలో వాస్తుంది. కట్టు కట్టకండి. నడవనివ్వకుండా బుట్టలో పెట్టి మూతేసి తీసుకెళ్లండి. పశువైద్యులు కూడా మనుషులకిచ్చే సూదే వాడతారు. అన్ని చోట్లా ఉండదు కాబట్టి ముందు ఫోన్ చేసి కనుక్కోండి.

ఇక మీరు పోస్తున్నవి. వెల్లుల్లికి, గంధకానికి పాములు ఆగవు. ఫినాయిలుకీ అంతే. పైగా ఫినాయిలు పిల్లికి విషం. దాని కాలేయం ఆ జాతి రసాయనాలను విరవలేదు. కాళ్లకంటినది నాకి జబ్బు పడుతుంది. అది వెంటనే ఆపేయండి. పాము రావడానికి కారణాలు మూడే: ఎలుక, నీళ్లు, సందు. డొక్కలు పీచు మిల్లుకి వేసేదాకా ఉంచాల్సి వస్తే ఇంటికి కనీసం 10 మీటర్ల దూరంలో, నేల మీద కాకుండా మట్టలు పరిచి వాటి మీద పేర్చండి. గుట్టని తియ్యాలంటే మధ్యాహ్నం, పొడుగు కర్రతో, పైనుంచి ఒక్కో పొరా తియ్యాలి. అడుగున చెయ్యి పెట్టి లాగొద్దు. కారుతున్న కుళాయి, దాని కింద ఎప్పుడూ తడిగా ఉండే గుంట పాముకి ఇష్టమైన చోటు, కప్పలు అక్కడే చేరతాయి. తూములకి పావు అంగుళం కన్నాల జాలీ బిగించండి. ధాన్యం బస్తాలు చెక్కల మీద అడుగు ఎత్తున, గోడకి జానెడు ఎడంగా పెడితే పిల్లి వెనక్కి వెళ్లి ఎలుకని పట్టగలుగుతుంది. ఎలుకల మందు మాత్రం పెట్టకండి. మందు తిని మందకొడిగా తిరిగే ఎలుకను పిల్లి తిన్నా, గుడ్లగూబ తిన్నా వాటికీ అదే గతి. ఎలుక బుట్టలు పెట్టే మనుషుల్ని పిలిపించండి.

ప్రశ్న: వరికోత మిషన్‌తో కోయిస్తుంటే చేను మధ్యలో మూడు పిల్లికూనలు కనిపించాయి. కూలీలు ఇంటికి తెచ్చారు. ఆవుపాలు తాగిస్తున్నాం. ఊరి పిల్లివో, అడవిపిల్లివో తెలియట్లేదు.
– ఒక రైతు, అత్తిలి

జవాబు: తోక చూడండి. ఊరి పిల్లి కూనకి తోక పొడుగు, మడిస్తే నడుం దాటి వస్తుంది. అడవిపిల్లి (జంగుపిల్లి అనీ అంటారు) కూనకి తోక పొట్టి, కొనన నల్లటి పట్టీలు. కాళ్లు పొడుగ్గా, చెవులు నిక్కి, కొసల్లో నల్లటి వెంట్రుకల కుచ్చు సన్నగా ఉంటుంది. చేను మధ్యలో దొరికాయంటే ఎక్కువగా అవే. వాటికి ఇష్టమైన చోటు అడవి కాదు, రెల్లు, వరిచేలు, చెరువు గట్లు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వాటిని ఇంట్లో పెంచడం నేరం. అది అలా ఉంచి, పెంచినా నిలవవు. ఐదారు నెలలు వచ్చేసరికి చేతికి అందవు.

తల్లి పారిపోయిందనుకోకండి. మిషన్ చప్పుడుకి పక్క చేలో నక్కి ఉంటుంది, చీకటి పడ్డాక వస్తుంది. ఆవుపాలు ఆపేయండి, విరేచనాలు పట్టుకుంటాయి. అంచు తక్కువ వెదురు తట్టలో వరిగడ్డి వేసి, చేతులకి గుడ్డ చుట్టుకుని కూనల్ని అందులో పెట్టి, దొరికిన చోటికి 50 అడుగుల లోపు గట్టు మీద, చెట్టు నీడన సాయంత్రం ఐదింటికి ఉంచండి. కుక్కల్ని కట్టేయించండి. మీరు దూరంగా వెళ్లిపోవాలి, మనిషి కనిపిస్తే తల్లి రాదు. ఒక్కోదాన్నే నోట కరుచుకుని పోతుంది కాబట్టి ఒకటి రెండు తెల్లారేదాకా తట్టలోనే ఉన్నా కంగారు పడొద్దు. మర్నాడు పొద్దున ఏడింటికి కూడా అలాగే ఉంటే అటవీశాఖ రేంజి కార్యాలయానికి చెప్పండి. ఇంకా కొయ్యాల్సిన చేలుంటే మిషన్‌ని మధ్య నుంచి బయటికి కోయించండి. అంచుల నుంచి లోపలికి కోస్తే ప్రాణులన్నీ నడిమధ్యకి చేరి చక్రాల కింద పడతాయి.

ప్రశ్న: పిట్టలకి నీళ్లు పెడుతున్నాను. మా పిల్లి అక్కడే కాపు కాస్తోంది. పెట్టడం మానెయ్యనా?
– ఒక పాఠకురాలు, పాలకొల్లు

జవాబు: మానకండమ్మా, చోటు మార్చండి. పొదకీ నీళ్లకీ మధ్య పదడుగుల ఖాళీ నేల ఉంటే పిట్ట ముందే చూసి ఎగురుతుంది. ఇంకా మేలు, దండెం తీగకి ఆరుబయట వేలాడదీసిన మూకుడు. లోతు రెండంగుళాలు మించకూడదు, మధ్యలో ఒక రాయి ఉండాలి. ప్లాస్టిక్ డబ్బా వద్దు, పదింటికే నీళ్లు కాగిపోతాయి. రోజూ పొద్దున కడిగి మార్చాలి, దోమలు చేరవు. పిచ్చుకలు పొద్దున ఐదున్నర నుంచి ఎనిమిది దాకా ఎక్కువ దిగుతాయి. ఆ వేళకి పిల్లికి కడుపునిండా పెట్టి లోపల ఉంచండి.

ఈకలు వచ్చి, తోక మాత్రం పొట్టిగా ఉండి నేల మీద గెంతే గోరువంక పిల్ల కనిపిస్తే అది పడిపోయింది కాదు, ఎగరడం నేర్చుకుంటోంది. కొమ్మ మీద పెట్టి, మూడు రోజులు పిల్లిని కట్టడి చెయ్యండి. చేత్తో ముట్టుకుంటే తల్లి వదిలేస్తుందనేది నిజం కాదు. పిల్లి నోట పడిన పిట్ట మాత్రం గీత కూడా లేకుండా కనిపించినా, పిల్లి ఉమ్మిలోని సూక్ష్మజీవుల వల్ల రెండు రోజుల్లో చనిపోతుంది. డాక్టరు దగ్గర యాంటీబయాటిక్ వేయిస్తేనే ఆశ. ముక్కులో నీళ్లు పొయ్యకండి.

మీ ఇంట్లో కుడితి గోలెం ఉంటే ఇంకో పని చెయ్యండి. అందులో ఒక కొబ్బరి మట్ట ఏటవాలుగా, ఒక కొస నీళ్లలో, ఇంకో కొస అంచు మీద ఉండేలా వెయ్యండి. దాహానికి వంగి పడ్డ ఉడుత, తొండ, పిల్లికూన ఆ మట్ట పట్టుకుని పైకొచ్చేస్తాయి. మట్ట జారకుండా అంచుకి తాడుతో కట్టాలి. ఐదు నిమిషాల పని.

ప్రశ్న: చెరువు గట్టు మీద రాత్రి చుక్కల జంతువు కనిపించింది. చిరుతపులి పిల్ల అంటున్నారు. చేపలు పట్టుకుపోతోంది. తీగ పెట్టి కరెంటు ఇద్దామంటున్నారు.
– ఒక చెరువు యజమాని, తాళ్లరేవు

జవాబు: దయచేసి కరెంటు పెట్టనివ్వకండి. రాత్రి మోటారు వేయడానికి వచ్చే మనిషి కాలికీ అదే తీగ తగులుతుంది. మీరు చూసింది బావురుపిల్లి అయ్యుంటుంది. ఊరి పిల్లికి రెండింతలు, బూడిద రంగు మీద వరసలుగా నల్ల మచ్చలు, పొట్టి లావు తోక, గుండ్రటి చిన్న చెవులు. చిరుతకి తోక ఒంటి పొడుగులో సగానికి పైగా ఉంటుంది. మీ పక్కనే ఉన్న కోరింగ మడ అడవులు దాని ఇల్లు. 1978లో అభయారణ్యంగా ప్రకటించిన ఆ 235 చదరపు కిలోమీటర్లలో దాన్ని చూడాలని దూరదేశాల నుంచి వస్తారు. చట్టంలో పులికి ఉన్నంత రక్షణ దానికీ ఉంది.

అది లోతు నీళ్లలో పెద్దగా వేటాడదు, గట్టు వారన చేత్తో కొట్టి పడుతుంది. మేత వేసే చోటు గట్టుకి దూరంగా మార్చండి. చెరువు తోడేటప్పుడు అడుగున గుంటల్లో చేపలు వారాల తరబడి మిగిలిపోకుండా ఒకే విడతలో పట్టించండి. చచ్చిన చేపల్ని గట్టు మీద పారెయ్యకుండా మూడడుగుల లోతున పాతిపెట్టండి, వాటి వాసనే దాన్ని పిలిచేది. పిట్టలు రాకుండా కట్టిన వలలు గట్టు దగ్గర వదులుగా వేలాడుతుంటే బిగించండి. రాత్రి కోళ్లనీ, మీ పిల్లినీ లోపల మూసుకోండి.

ప్రశ్న: గేదెకి కొట్టిన గోమార్ల మందు కొంచెం మిగిలితే పిల్లికి పూశాం. వణుకుతోంది.
– ఒక పాఠకుడు, ఉండ్రాజవరం

జవాబు: గేదెలకీ కుక్కలకీ వాడే సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్, పెర్మెత్రిన్ పిల్లికి ప్రాణాంతకం. గిన్నెలు తోమే ద్రవం సబ్బుతో, గోరువెచ్చటి నీళ్లతో రెండుసార్లు కడిగి, తుడిచి, మందు సీసా చేతపట్టుకుని ఆసుపత్రికి పరిగెత్తండి. వేడినీళ్లు వద్దు, చర్మం మందుని ఇంకా పీలుస్తుంది. పారాసిటమాల్ కూడా ఇంతే. మనిషి మాత్ర ఒక్కటి పిల్లిని చంపగలదు. దగ్గర్లో డాక్టరు లేకపోతే 1962కి ఫోన్ చెయ్యండి, సంచార పశువైద్య వాహనం నంబరు అది.

ప్రశ్న: వీధిపిల్లి కూనని పట్టుకోబోతే మా బాబు చేతి మీద గీరి, కరిచింది. పసుపు పెట్టాం. చిన్న గాయమే. సూది అవసరమా?
– ఒక తల్లి, ముమ్మిడివరం

జవాబు: అవసరమమ్మా, ఈ రోజే. పసుపు కడిగేసి, కుళాయి ధార కింద సబ్బుతో 15 నిమిషాలు, గడియారం చూసి, కడగండి. కట్టు కట్టొద్దు. ప్రభుత్వాసుపత్రిలో రేబిస్ సూదులు ఉచితం. చర్మంలో వేసేదైతే మొదటి రోజు, 3, 7, 28 రోజులు. కండకి వేసేదైతే 14వ రోజు ఒకటి ఎక్కువ. కరిచిన చోట రక్తం వచ్చిందంటే గాయం చుట్టూ వేసే ఇమ్యునోగ్లోబ్యులిన్ గురించి కూడా అడగండి, అది మొదటి రోజే వెయ్యాలి. కూన బతికుండి కనిపిస్తున్నా మొదటి సూది ఆపకండి. ఆ కూనని పది రోజులు దూరం నుంచి గమనించి, మందకొడిగా ఉన్నా, చనిపోయినా ఆసుపత్రిలో చెప్పండి.